ప్లైవుడ్ మీద టైల్స్: ఐదు వానాకాలాలు గడిచాక

మియాపూర్‌లో డాబా మీద ఎంఎస్ (ఇనుప) పైపుల ఫ్రేముతో వేసిన గది. 10×11 అడుగుల నేలకీ, సింకు వెనక గోడకీ ప్లైవుడ్ మీదే టైల్స్ వేయించాం. ఐదు వానాకాలాలు గడిచాయి. ఒక్క టైలూ పగల్లేదు. తలుపు దగ్గర మాత్రం ఒక వరుస లేచింది. అందుకే ఐదుకి నాలుగు మార్కులు.

ఖరీదైన గమ్ (టైల్స్ అంటించే సిమెంట్ జిగురు) కొంటే చాలనుకోవద్దు. ప్లై వానలకి ఉబ్బుతుంది, ఏప్రిల్, మే ఎండలకి కుంచించుకుపోతుంది. టైల్‌కి ఆ రెండూ చేతకావు. ఆ కదలికని పట్టే టైల్ ఉండేదీ ఊడేదీ.

పైపుల మధ్య మొదట 24 అంగుళాలు పెట్టారు. మధ్యలో నిలబడి మడమలెత్తి దించితే షీటు ఊగేది. మధ్యమధ్యలో ఇంకో పైపు వెల్డింగ్ చేయించాక ఆగింది. 16 అంగుళాలు దాటనివ్వకండి. షీటు 19 ఎంఎం బీడబ్ల్యూపీ (మరిగే నీటికీ తట్టుకునే రకం), ఐఎస్ 710 ముద్ర ఉన్నది. షాపుల్లో కమర్షియల్ అని ఇచ్చే ఎంఆర్ గ్రేడు (కాస్త చెమ్మకి మాత్రమే ఆగేది) తడికి పొరలు విడిపోతుంది, ధర చూసి ఆశపడొద్దు.

షీట్ల జాయింట్లు ఒకే వరుసలో పడకుండా జరిపి పరిచి, మధ్య 3 ఎంఎం, గోడల చుట్టూ 6 ఎంఎం సందు వదలాలి. స్క్రూలు అంచుల్లో 6 అంగుళాలకి, మధ్యలో 8 అంగుళాలకి ఒకటి. నల్ల జిప్సం స్క్రూలు వద్దే వద్దు: పెళుసుగా విరుగుతాయి, తడికి తుప్పు పడతాయి.

ప్లై మీద మరకలుంటే 60 నంబర్ ఎమరీతో రుద్ది, దుమ్ము పూర్తిగా తీసేసి, పైన 6 ఎంఎం సిమెంట్ ఫైబర్ బోర్డు వేశాం. బోర్డు కింద కూడా పళ్ల తాపీతో గమ్ పరవాలి. చాలామంది ఎగ్గొట్టే పని ఇదే. ఎగ్గొడితే అడుగున గాలి మిగిలి, నడిచినప్పుడల్లా బోర్డు స్క్రూల దగ్గర అరుగుతుంది. 25 ఎంఎం స్క్రూలు ప్లై వరకే దిగాలి, పైపులోకి కాదు. బోర్డు జాయింట్లు ప్లై జాయింట్ల మీద పడకూడదు. వాటికి మెష్ టేపు వేసి గమ్‌తోనే పూడ్చాలి.

గమ్ బస్తా మీద సి2టిఇ ఎస్1 అనే గ్రేడు గుర్తు ఉండాలి. ఎస్1 అంటే ఆరాక కూడా కాస్త వంగుతుంది. బోర్డు కిందా టైల్ కిందా కలిపి 20 కేజీల బస్తాలు ఐదు పట్టాయి. ఎండలో పూసిన గమ్ మీద పొర త్వరగా కడుతుంది. వేలు పెట్టి చూడండి. అంటకపోతే గీకేసి కొత్తది పూయాలి, పైన నీళ్లు చల్లకూడదు.

గోడకీ ఇదే వరుస, దానికి తోడు రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్. సిమెంటు పాలతో అంటించే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు. పొడి ప్లై నీటిని పీల్చేస్తుంది, సిమెంటు గట్టిపడక పొడిగా మిగులుతుంది, తడితే డొల్ల శబ్దం వస్తుంది.

ఇక లేచిన వరుస సంగతి. గడప పక్కన వదిలిన సందుని చివరి రోజు గ్రౌట్‌తో (టైల్స్ సందుల్లో నింపే గట్టి సిమెంట్ పేస్టుతో) నింపేశారు. రెండో వానాకాలంలో ప్లై ఉబ్బింది, జరగడానికి చోటు లేక మూడు టైల్స్ గుడారంలా పైకి లేచాయి. తీసి చూస్తే టైల్ వెనక గమ్ చెక్కుచెదరలేదు, బోర్డు పైపొరే పెళ్లగిలి దానితో వచ్చేసింది. సందు గీకి సిలికాన్ నింపాక మళ్లీ కదల్లేదు. ఆ సిలికాన్ ఇప్పటికి ఒకసారి మార్చాం.