టాకోల బల్లకు ప్రాణం రొట్టె: నాలుగేళ్ళ అనుభవం

టాకో అంటే చిన్న రొట్టెలో కూరలు పెట్టి మడిచి తినే మెక్సికో వంటకం. విందుకు వచ్చినవారు ఎవరికి కావలసింది వారే పెట్టుకొని తినేలా టాకోల బల్ల వేయడం మా ఇంట్లో మొదలై నాలుగేళ్ళయింది. పిల్లల పుట్టినరోజులకు, సంక్రాంతికి దిగిన బంధువులకు, మావారి ఆఫీసు మిత్రులకు కలిపి ఇప్పటికి పదకొండు సార్లు నెల్లూరులోని మా హాల్లోనో, మిద్దె మీదనో ఆ బల్ల వేశాము. టాకోలో ఏమేమి పెడతారో ఈపాటికి అందరికీ తెలుసు కనుక ఆ వివరాల జోలికి వెళ్ళను. నేను చెప్పదలచినది ఒక్క రొట్టె గురించే. రొట్టె వెచ్చగా, మెత్తగా చేతికి అందితే మిగతా లోపాలను ఎవరూ పట్టించుకోరు. రొట్టె చెడితే మాత్రం ఎంత మంచి రొయ్యల వేపుడు చేసి పెట్టినా గిన్నెలోనే మిగిలిపోతుంది.

మొదటి రెండు సార్లు, దోనెలాగా వంచి ముందే వేయించి పెట్టెల్లో అమ్మే గట్టి టాకో రొట్టెలు, అంటే షెల్స్ తెప్పించాను. కాల్చే పని లేదు, పిల్లలు కరకరలాడించుకుంటూ తిన్నారు, నేను కూడా అందరితో కూర్చొని తినగలిగాను. ఆ ఉత్సాహంలో వాటి గురించి తెలిసినవారందరికీ గొప్పగా చెప్పాను. ఆ రెండు విందులూ ఫిబ్రవరి, మార్చి నెలల్లో, గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజుల్లో జరిగాయన్న సంగతి అప్పుడు నా ఆలోచనకు రాలేదు.

మూడోది మా అబ్బాయి పుట్టినరోజు, నవంబరులో. మన జిల్లాకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు పట్టి ఉంది. సాయంత్రం ఐదింటికి పెట్టెలు విప్పి, షెల్స్‌ను స్టీలు పళ్ళేలలో వరుసగా నిలబెట్టి, పైన జాలీ మూతలు పెట్టాను. కేకు కోసి, ఫొటోలు తీసుకొని, పిల్లలు బల్ల దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర అయింది. మొదట చెయ్యి వేసిన పిల్లవాడు రొయ్యలు, ఉల్లిపాయ, టమాటా సల్సా (పచ్చడిలాంటిది) పెట్టుకొని షెల్ ఎత్తగానే దాని అడుగు విచ్చుకొని, సల్సా అంతా కొత్త చొక్కా మోచేతి దాకా కారింది. రెండోవాడిది రెండుగా చీలింది. విడవలూరు నుంచి వచ్చిన మా బాబాయి ఒక షెల్‌ను వేళ్ళతో నొక్కి చూసి, "ఏంది అమ్మాయ్, వానగాలికి అప్పడం మెత్తబడినట్టు మెత్తబడిందే ఇది" అన్నారు. సరిగ్గా అదే జరిగింది. వేయించిన రొట్టెలో నీరు దాదాపు ఉండదు కనుక, ముసురులో రెండున్నర గంటలు గాలి తగిలేలా ఉంచితే గాలిలోని తేమనంతా పీల్చుకుంటుంది. కరకర పోతుంది, అలాగని చపాతీలాగా వంగే గుణమూ రాదు.

ఓవెన్ ఉన్నవారు వాటిని మళ్ళీ వేడి చేసి గట్టిపరచుకోవచ్చు. మా ఇంట్లో ఓవెన్ లేదు. పెనం మీద పెడితే తగిలిన పక్క మాడుతోంది, వంపు లోపల మెత్తగానే ఉంటోంది. ఇరవై మంది పిల్లలు పళ్ళేలు పట్టుకొని నిలబడ్డారు. ఫ్రిజ్‌లో దోసె పిండి ఉండబట్టి ఆ రాత్రి గడిచింది. ముప్పైకి పైగా చిన్న దోసెలు పోశాను, వాటిలోనే రొయ్యలూ సల్సా పెట్టుకొని పిల్లలు ఇష్టంగానే తిన్నారు. అయినా ఎవరికి వారే పెట్టుకొని తింటే నేను కూడా అందరి మధ్య ఉండవచ్చునని వేసిన బల్ల నన్ను రెండు గంటలు పొయ్యి దగ్గరే నిలబెట్టింది. మా వాడు కొవ్వొత్తులు ఆర్పిన తరువాత ఇక ఏ ఆటలోనూ నేను లేను. ఆ బాధ వల్లనే నేను షెల్స్ మానేశాను.

ఆ తరువాత మెత్తటి మొక్కజొన్న రొట్టెలకు మారాను. మెక్సికోలో వీధి బండ్ల మీద టాకోలను ఎక్కువగా ఆ రొట్టెలతోనే ఇస్తారు. కొట్లో దొరికే మామూలు మొక్కజొన్న పిండితో చేస్తే మడత దగ్గర విరిగిపోతాయి. అక్కడివారు మొక్కజొన్న గింజలను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, పొట్టు పోయేలా కడిగి రుబ్బుతారు. అలా చేసినందువల్లనే ముద్ద జిగురుగా కలిసివస్తుంది, గింజలోని నియాసిన్ అనే విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. ఆ పద్ధతిలో తయారై వచ్చే మాసా హరీనా అనే పిండిని నేను ఆన్‌లైన్‌లో తెప్పిస్తాను. రెండు కప్పుల పిండికి ఒకటిన్నర కప్పుల గోరువెచ్చటి నీళ్ళు పోస్తే పదహారు రొట్టెలు వస్తాయి. రెండు పాలిథీన్ కాగితాల మధ్య ఉండ పెట్టి పూరీ ప్రెస్సుతో నొక్కితే చాలు, వేరే యంత్రం అవసరం పడలేదు.

అసలు మేలు మా అత్తగారి వల్ల జరిగింది. ఆమెది కనిగిరి వైపు, చిన్నప్పటి నుంచి జొన్నరొట్టె చేసిన చెయ్యి. నేను కాల్చినవి కాల్చినట్టే హాట్ కేసులో పేర్చి మూత బిగిస్తుంటే చూసి, "గుడ్డలో చుట్టి పెట్టమ్మా, మూత కింద ఆవిరి నీళ్ళయి కారితే అడుగు రొట్టెలు ముద్దయిపోతాయి" అని, మెత్తబడిన పాత పంచె ముక్కలు రెండు తెచ్చి ఇచ్చారు. హాట్ కేసు అడుగున ఒక మడత పరచి, ఇరవై రొట్టెలు పేర్చి, మిగిలిన గుడ్డను పైన నాలుగు వైపుల నుంచీ కప్పి మూత పెట్టాము. ముప్పావు గంట తరువాత తీసి చూస్తే గుడ్డ తడిగా ఉంది, రొట్టెలు మాత్రం చేతికి వెచ్చగా తగులుతూ, వేలి చుట్టూ చుట్టినా చీలకుండా ఉన్నాయి. మెక్సికోలో కూడా అల్లిన బుట్టలో గుడ్డ పరచి రొట్టెలను ఇలాగే చుట్టి ఉంచుతారని తెలిసినప్పుడు, కనిగిరి వంటింటికీ ఆ దేశపు వంటింటికీ ఒకే ఉపాయం తట్టిందని నాకు ఎంతో సంతోషమైంది.

అయితే ఎనిమిది విందుల తరువాత ఒకటి రెండు విషయాలు ఒప్పుకోవాలి. తీసుకున్నవారు గుడ్డ మళ్ళీ కప్పరు. పది నిమిషాలు తెరిచి ఉంటే పై రొట్టెల అంచులు తోలులాగా బిగుసుకుపోతాయి. అందుకని ఇప్పుడు రెండు హాట్ కేసులు పెట్టి, ఒకటి బల్ల మీద, ఒకటి వంటింట్లో ఉంచుతున్నాను. గుడ్డ కప్పే పని మా పెద్దమ్మాయికి అప్పగించాను. అంతమేరకు పూర్తిగా ఎవరికి వారే అనే మాట తగ్గినట్టే. మనిషికి మూడు రొట్టెల లెక్కన పాతిక మందికి డెబ్బై అయిదు చేయాలి, వాటికి ఇద్దరం కూర్చున్నా గంటన్నర పడుతుంది.

మిగతా వాటితో పెద్ద ఇబ్బంది రాలేదు. బల్లను గోడకు దూరంగా జరిపి రెండు వైపుల నుంచీ వచ్చేలా వేస్తే వరుస త్వరగా కదులుతుంది. రొయ్యల కింద చిన్న బర్నరు ఉండాలి. అరవై డిగ్రీల కంటే వేడి తగ్గిన మాంసాన్ని, రొయ్యలను రెండు గంటలకు మించి ఉంచకూడదు. ముప్పై రెండు డిగ్రీలు దాటిన ఎండల్లో అది ఒక్క గంటే, అందువల్ల మే నెలలో మిద్దె మీద ఈ విందు పెట్టడం మానేశాము. బటర్ ఫ్రూట్ ఖరీదు ఎక్కువ, పైగా త్వరగా నల్లబడుతుంది, కాబట్టి దాని బదులు పచ్చి మామిడి తురుము పెడతాను. రొయ్యలతో అదే బాగా కుదిరింది. మన చెరువుల్లో 2009 నుంచి పెంచుతున్న వనామి రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరమేనని చెబితే, రొయ్యల చెరువు చేసే మా బాబాయి ఆ రోజు రెండు టాకోలు ఎక్కువే తిన్నారు. పొదలకూరు నిమ్మకాయలు చివర్లో పెట్టాలి, ముందు పెడితే పిల్లలు వట్టి రొట్టె మీదే పిండుకుంటారు.

పాతిక, ముప్పై మంది దాకా వచ్చే ఇంటికి, రొట్టె కాల్చడానికి ఇంకొక చెయ్యి తోడున్నవారికి ఈ బల్ల బాగుంటుందని నా అభిప్రాయం. నాకు అత్తగారి తోడు ఉంది. ఒక్కరే చేసుకోవలసినవారికి, అరవై మందిని పిలిచేవారికి ఇదే మాట చెప్పలేను. ఎండాకాలం మొదట్లో, పెట్టె విప్పిన పావుగంటలో తినేసే పదిమంది పిల్లలకైతే ఆ గట్టి షెల్స్ ఇప్పటికీ పనికొస్తాయేమో. నవంబరులో మాత్రం నేను వాటిని కొనను. ఈసారి మా వాడి పుట్టినరోజు కార్తీక మాసంలో పడింది. రొయ్యలు ఉండవు కనుక రాజ్మా, అలసందలు నానబెడుతున్నాను. పంచె ముక్కలు ఉతికి ఆరేసి ఉన్నాయి.