ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) కోసం ఏజెంటు దాకా ఎందుకు? సారథి పోర్టల్ చాలు

మా ఊళ్లో లైసెన్సు అనగానే అందరూ ముందు ఏజెంటు దగ్గరికే పోతారు, నేనూ అడిగాను గానీ ఆయన చెప్పిన రేటుకి ఓ దండం పెట్టి వచ్చేసి ప్రభుత్వ లైసెన్సుల వెబ్‌సైటు సారథి పోర్టల్లో సొంతంగానే అప్లై చేశా. బానే ఉంది, టెన్షన్ పడేంత సీనేం లేదు. ఆధార్‌కి మీ ఫోన్ నంబరు లింక్ అయి ఉందో లేదో మాత్రం ముందు చూసుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. ఫొటో, సంతకం సైజు కేబీల్లో అడుగుతుంది కాబట్టి తగ్గించి పెట్టుకోండి. బైకు, కారు రెండూ కావాలంటే ఒకే అప్లికేషన్‌లో టిక్ పెట్టేయొచ్చు. 40 దాటినవాళ్లకి డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ (మెడికల్ సర్టిఫికెట్) కూడా కావాలి, నాన్నగారికో బాబాయికో చేసిపెట్టేవాళ్లు ఇది మర్చిపోకండి.

ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు ఉంటుంది, కానీ డ్రైవింగ్ టెస్టుకి 30 రోజులు ఆగాల్సిందే. "పది రోజుల్లో ఒరిజినల్ ఇప్పిస్తా" అని మా ఏజెంటు అన్నది ఎలాగో నాకైతే అర్థం కాలేదు! ఈలోపు బండికి ఎర్రటి ఎల్ అక్షరం అంటించి, బైకు మీద ఎనిమిది అంకె తిప్పడం బాగా ప్రాక్టీసు చేయండి, టెస్టులో అక్కడ కాలు కింద పెడితే ఫెయిలే.