చదువు పేరుతో మూడు దేశాలు: ఎక్కడ ఉండటం హాయి, ఎక్కడి నుంచి కదలడం తేలిక

ముప్ఫై దాటాక ఉద్యోగం మానేసి మళ్లీ యూనివర్సిటీలో చేరితే, చదువు మీద మమకారం అనుకున్నవాళ్లే ఎక్కువ. నా అసలు ఉద్దేశం తిరగడం. టూరిస్టు వీసా మీద వెళ్తే తిరుగు టికెట్ తేదీ చుట్టూనే ఆలోచనలన్నీ తిరుగుతాయి. స్టూడెంటుగా వెళ్తే ఆ ఊళ్లో ఇల్లుంటుంది, రైలు పాసుంటుంది, లైబ్రరీ కార్డుంటుంది, కరెంటు బిల్లు మీద రూమ్మేట్లతో గొడవ కూడా ఉంటుంది. బదులుగా పరీక్షలు రాయాలి. ఈ బేరం నాకు నచ్చింది.

ఇలాంటి బేరానికి అతికినట్టు సరిపోయేవి యూరప్‌లోని ఎరాస్మస్ ముండస్ జాయింట్ మాస్టర్స్ కోర్సులు. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడుస్తాయి. కనీసం రెండు దేశాల్లో చదివి తీరాలన్నది వీటి నియమం, అందులో మీరు ఇప్పుడు ఉంటున్న దేశం లెక్కలోకి రాదు. అంటే తిరగడం సిలబస్‌లోనే ఉందన్నమాట. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. వీసా, విమానం, అద్దె, తిండి అన్నీ అందులోనే సర్దుకోవాలి. వయసు పరిమితి లేదు. చాలా కోర్సులకు అక్టోబర్, జనవరి మధ్య దరఖాస్తులు తీసుకుంటారు. ఒకసారి ఈ స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లకు రెండోసారి ఇవ్వరు కాబట్టి కోర్సును, దేశాలను చూసుకుని మరీ ఎంచుకోవాలి.

బేరంలో మన వాటా ఎంతో కూడా ముందే తెలుసుకోవడం మంచిది. ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. మొత్తం కనీసం 1,500 గంటలు. దాదాపు ఫుల్‌టైమ్ ఉద్యోగమే. కాకపోతే ఆ గంటలు ఏడాదిలో ఎక్కడ పడతాయన్నది దేశాన్ని బట్టి మారుతుంది. తిరగడానికి వచ్చినవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. ఏ దేశంలో ఎన్ని చూడదగ్గ చోట్లున్నాయో ఏ గైడ్ పుస్తకమైనా చెబుతుంది. ఆ ఊరు వదిలి నాలుగు రోజులు వెళ్లొస్తానంటే పరీక్షల క్యాలెండర్, వీసా కాగితాలు, ఇల్లు ఒప్పుకుంటాయా లేదా అన్నది మాత్రం అక్కడ ఉండి చూస్తేనే తెలిసేది. జర్మనీలో లైప్‌జిగ్, పోర్చుగల్‌లో కోయింబ్రా, ఇటలీలో బొలోన్యా, నేను చదివిన ఈ మూడు ఊళ్లను తూచింది ఆ లెక్కనే.

మొదటి సెమిస్టర్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో. 1409లో మొదలైన యూనివర్సిటీ, ఊరు నడిబొడ్డునే ఉంటుంది. ఉండటానికి స్టూడెంట్ సర్వీసెస్ వాళ్ల హాస్టల్ గది. చిన్నదే అయినా హీటర్ బాగా పనిచేస్తుంది, అద్దె నిలకడగా ఉంటుంది, నెట్ ఉంటుంది. వసతి విషయంలో మూడు దేశాల్లో నా ఓటు దీనికే. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టేయాలి, క్యూ పెద్దదిగా ఉంటుంది. దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. అది ఇవ్వనంటే అద్దె ఎంత తక్కువైనా ఆ గది జోలికి పోవద్దు. నమోదైన కొన్నాళ్లకే టీవీ, రేడియో చందా కట్టమని ఉత్తరం వస్తుంది. ఇంటికి నెలకు 18.36 యూరోలు. మా ఇంట్లో టీవీ లేదన్నా కట్టాల్సిందే. కలిసి ఉండేవాళ్లు పంచుకోవచ్చు.

జర్మనీలో నాకు దక్కిన అసలు నిధి సెమిస్టర్ టికెట్. దేశమంతటా సిటీ బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్లు ఎక్కనిచ్చే డాయిచ్‌లాండ్‌టికెట్‌ను చాలా యూనివర్సిటీలు విద్యార్థులకు మామూలు ధరలో 60 శాతానికే ఇస్తున్నాయి. వేగంగా వెళ్లే ఐసీఈ, ఐసీ రైళ్లకు చెల్లదు. గంటంపావులో ఐసీఈ చేరుకునే బెర్లిన్‌కు ప్రాంతీయ రైళ్లు మారుతూ వెళ్తే రెండున్నర గంటలు దాటుతుంది. నాకదేం కష్టమనిపించలేదు, చదవాల్సిన పేపర్లు రైల్లోనే చదివేసేదాన్ని.

ఆ టికెట్ మీద వెళ్లిన వాటిలో మళ్లీ మళ్లీ వెళ్లింది డ్రెస్డెన్ అవతల ఉన్న సాక్సన్ స్విట్జర్లాండ్ కొండలకు. రాటెన్ అనే చిన్న స్టేషన్‌లో దిగితే ఎదురుగా ఎల్బే నది, అవతలి ఒడ్డున రాతి కొండలు. దాటించే పడవకు ఇంజిన్ లేదు. నదిలో ఎగువన లంగరు వేసిన పొడవాటి తాడుకు పడవను కట్టి ఉంచుతారు. నడిపేవాడు పడవను కాస్త ఏటవాలుగా తిప్పుతాడు, ప్రవాహమే దాన్ని నెట్టుకుంటూ ఆ ఒడ్డుకు చేరుస్తుంది. చప్పుడే ఉండదు. దిగి అరగంట పైకి ఎక్కితే 1851లో కట్టిన బాస్టై రాతి వంతెన. వారాంతంలో జనంతో కిక్కిరిసిపోతుంది. మంగళవారం పొద్దున వెళ్తే దాదాపు ఒక్కరమే. మంగళవారం పొద్దున ఖాళీ దొరకడం ఉద్యోగస్తులకు కుదిరే పని కాదు. ఉద్యోగం మానేసి చదువులో చేరినందుకు నాకు అందిన మొదటి జీతం అదే అనుకున్నాను.

జర్మనీతో చిక్కల్లా క్యాలెండర్. ఫిబ్రవరిలో క్లాసులు అయిపోగానే రెండు నెలల సెలవు కనిపిస్తుంది. అది క్లాసులకు మాత్రమే సెలవు. టర్మ్ పేపర్ల గడువు ఎక్కువగా మార్చి చివర్లో ఉంటుంది. పైగా పోర్చుగల్‌లో రెండో సెమిస్టర్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. జర్మనీ తర్వాత దక్షిణ దేశానికి మారేవాళ్లెవరైనా ఆ రెండు నెలలూ రెండు యూనివర్సిటీలకు పని చేయాల్సిందే. ఆ టెన్షన్‌లో కోయింబ్రాలో దిగిన మొదటి వారాలు నాకు సరిగ్గా గుర్తు కూడా లేవు.

కోయింబ్రా కొండ మీది ఊరు. 1290లో లిస్బన్‌లో పుట్టిన యూనివర్సిటీ 1537లో ఇక్కడ స్థిరపడింది. ఊరంతా స్టూడెంట్లే. క్లాసుకు వెళ్లాలంటే మెట్లు, తిండికి మెట్లు, బట్టలు ఉతుక్కోవడానికి మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నది ఒడ్డున దిగువ ఊళ్లో ఇల్లు చూసుకోవడం మేలు. గదుల విషయంలో ఒక్కటే హెచ్చరిక: ఎండల దేశం కదా అని ఏమరపాటు వద్దు. చాలా పాత ఇళ్లలో హీటింగ్ ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బయటి కన్నా లోపలే చలి ఎక్కువ. గోడల మూలల్లో బూజు పడుతుంది. గది చూసేటప్పుడు అల్మారా వెనక్కి ఓసారి తొంగి చూడండి, వాసన పట్టండి. అద్దె తక్కువని నా స్నేహితురాలు చేరిన గదిలో పుస్తకాల అట్టలు కూడా చెమ్మగిల్లేవి. ఇక్కడే 'రిపబ్లికా'లని విద్యార్థులే నడుపుకునే ఉమ్మడి ఇళ్లుంటాయి. వంటలో, పనుల్లో, రాత్రి కబుర్లలో అందరూ పాలుపంచుకోవాలి. ఇరవై ఏళ్లవాళ్లకు స్వర్గం. నాకు రాత్రి పదకొండు దాటితే నిద్ర కావాలి, అందుకే భోజనానికి పిలిస్తే వెళ్లొచ్చేదాన్ని.

సేవల్లో కోయింబ్రాకు తిరుగులేనిది యూనివర్సిటీ క్యాంటీన్. సూపు, అసలు వంటకం, పండు కలిపి సుమారు మూడు యూరోలు. రెండోది, రైళ్లు. 2024 అక్టోబర్‌లో మొదలైన గ్రీన్ రైల్వే పాసు 30 రోజులకు 20 యూరోలు. ప్రాంతీయ రైళ్లతో పాటు ఇంటర్‌సిటీ రైళ్లలో సెకండ్ క్లాస్ కూడా అందులోనే. ఇంటర్‌సిటీకి సీటు ముందే రిజర్వు చేసుకోవాలి, వేగమైన ఆల్ఫా పెండులార్ రైళ్లకు మాత్రం చెల్లదు. కోయింబ్రా సరిగ్గా లిస్బన్, పోర్టో లైను మీద ఉంది కాబట్టి ఈ పాసుతో రెండు నగరాలూ మన వీధి చివర ఉన్నట్టే అనిపిస్తాయి.

జోవానినా లైబ్రరీ గురించి చెప్పకపోతే కోయింబ్రా గురించి చెప్పినట్టే కాదు. 18వ శతాబ్దం మొదట్లో కట్టిన ఈ భవనంలో గోడలు రెండు మీటర్లకు పైగా మందం. లోపల చిన్న గబ్బిలాలు కాపురం ఉంటాయి. రాత్రిపూట బయటికొచ్చి పుస్తకాలు తినే పురుగులను అవి తింటాయి. వాటి రెట్టలు పడకుండా సాయంత్రం పూట పాత బల్లల మీద తోలు పరిచి, పొద్దున్నే తీసి శుభ్రం చేస్తారు. శతాబ్దాల నాటి పుస్తకాలకు ఈ ఏర్పాటు ఇప్పటికీ పనికొస్తోంది. లోపలికి టైమ్ ప్రకారం విడతలుగా పంపుతారు, గబ్బిలాలు మాత్రం పగలు కనపడవు.

ఇక బొలోన్యా. 1088ని పుట్టిన సంవత్సరంగా చెప్పుకునే యూనివర్సిటీ. వానొచ్చినా గొడుగు అవసరం లేకుండా ఊరంతా స్తంభాల వసారాలు. వాటికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సాన్ లూకా చర్చికి వెళ్లే వసారా ఒక్కటే నాలుగు కిలోమీటర్ల దాకా ఉంటుంది, 666 తోరణాలు. ఊరిని ఎంత పొగిడినా తక్కువే. ఇల్లు వెతుక్కోవడం మాత్రం నరకం. సొంత గది అన్నది ఆశ, ఇద్దరు పంచుకునే గదిలో మంచం దొరికితే అదృష్టం. ఇంటి ఓనర్ వేరే దేశంలో ఉన్నాడు, అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి అనే ప్రకటనలు బోలెడు కనిపిస్తాయి. ఎవరైనా వెళ్లి చూడని గదికి ఒక్క యూరో కూడా పంపొద్దు. నాకు మొదటి మూడు వారాలు టూరిస్టులు దిగే హాస్టల్లో డార్మిటరీయే దిక్కయింది. ఆ ఖర్చును బడ్జెట్‌లో ముందే వేసుకోవాలి.

కాగితాల పని కూడా ఇటలీలోనే బరువు. దిగిన ఎనిమిది పనిదినాల్లోపు పోస్టాఫీసులో దరఖాస్తు ఫారాల కిట్ తీసుకుని, నింపి, 16 యూరోల స్టాంపు అంటించి నివాస అనుమతికి దరఖాస్తు ఇవ్వాలి. రసీదు వెంటనే ఇస్తారు. కార్డుకు నెలలు పట్టడం మామూలే. వీసా గడువు ఉన్నంతవరకు మిగతా షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి) 180 రోజుల్లో 90 రోజుల లెక్కన వెళ్లొచ్చు. వీసా గడువు ముగిసి రసీదు ఒక్కటే మిగిలితే ఆ వీలుండదు. సరిహద్దులో ఎవరు చూస్తారులే అనుకోవడానికీ లేదు, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. తిరగడానికి వచ్చి ఒకే దేశంలో ఇరుక్కోకూడదంటే వీసా ఎన్ని నెలలకు ఇస్తున్నారో స్టాంపు వేసే ముందే చూసుకోవాలి.

ఇంత తిట్టాక కూడా తిరిగేవాళ్లకు బొలోన్యాయే మొదటి స్థానం అంటాను. కారణం పరీక్షలు. ఇటలీలో ఒక్కో సబ్జెక్టుకు పరీక్షల సీజన్లో పలు తేదీలు ఇస్తారు, మనకు కుదిరినదాన్ని ఎంచుకోవచ్చు. చాలా వరకు ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని నోటితో చెప్పే పరీక్షలు. మార్కులు 30కి, పాస్ కావడానికి 18. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి మళ్లీ వెళ్లొచ్చు కూడా. మొదటి తేదీల్లోనే ముగించేస్తే మిగతా వారాలన్నీ మనవి. ఫెరారా, మోడెనా, పార్మా లాంటివి ప్రాంతీయ రైల్లో గంటకు అటూ ఇటూ. వేగమైన రైలెక్కితే ఫ్లోరెన్స్ నలభై నిమిషాల ప్రయాణం. కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీది మెషీన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ కట్టాల్సి వస్తుంది.

వయసు మీరి చేరేవాళ్లకు ఇంకో సంగతి. స్టూడెంట్ అనే మాటకు, యువత అనే మాటకు కౌంటర్ దగ్గర చాలా తేడా ఉంది. క్యాంటీన్, సెమిస్టర్ టికెట్, హాస్టల్ గది స్టూడెంట్‌కు ఇచ్చేవి, వయసు అడగరు. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో 2 యూరోల టికెట్, పారిస్ లూవ్రలో ఉచిత ప్రవేశం 25 దాటినవాళ్లకు లేవు. యూరప్ దేశాల్లో రైళ్లెక్కనిచ్చే ఇంటర్‌రైల్ పాసులో యువత ధర 27 వరకే. అన్నట్టు, యూరప్‌లో నివాసం ఉన్నాక బయటి దేశాలవాళ్లకు ఇచ్చే యూరైల్ పాసు కొనడానికి కుదరదు, ఇంటర్‌రైలే కొనాలి. అందులో నివాసమున్న దేశంలో బయటికి వెళ్లడానికి ఒకటి, లోపలికి రావడానికి ఒకటి మాత్రమే ప్రయాణాలు. అన్నిటికన్నా జేబుకు తగిలేది జర్మనీ ఆరోగ్య బీమా, అక్కడ విద్యార్థి రేటు 30 ఏళ్లకే ఆగిపోతుంది. ముప్ఫై దాటినవాళ్లు కోర్సులో చేర్చే ముండస్ బీమా దేనికి చెల్లుతుందో ఆఫీసును రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

దేశాల వరుస ఎంచుకునే అవకాశం ఉంటే జర్మనీని ఏప్రిల్‌లో మొదలయ్యే వేసవి సెమిస్టర్‌కు పెట్టుకుంటాను. పేపర్ల గడువు సెప్టెంబర్‌లో పడుతుంది, కొండలకు వెళ్లడానికి పగళ్లు పొడుగ్గా ఉంటాయి. ఆఖరి సెమిస్టర్ థీసిస్‌ది, గైడ్ ఒప్పుకుంటే మూడు దేశాల్లో ఎక్కడైనా కూర్చుని రాసుకోవచ్చు. నేను క్యాంటీన్ చూసుకుని కోయింబ్రాకే వెళ్లాను, ఈసారి హీటర్ ఉన్న గదికి. దేశం మారిన ప్రతిసారీ కొత్త బ్యాంకు ఖాతా అక్కర్లేదు, యూరో ఖాతా ఒకటి ఉంటే మిగతా దేశాల్లోనూ అద్దె కట్టొచ్చు. కోర్సు అయిపోగానే దాన్ని మూసేయకండి. హాస్టల్ డిపాజిట్లు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది, అవి ఆ ఖాతాలోకే వస్తాయి.