టెక్సస్ నల్లరేగడి మీద మా ఇల్లు: ఆర్కిటెక్ట్‌తో రెండేళ్ల అనుభవం

డాలస్ నగరానికి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో మేము కొన్న అర ఎకరం స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి ఒక చిన్న ఆర్కిటెక్ట్ సంస్థను పెట్టుకున్నాము. మొదటి సమావేశం నుంచి గృహప్రవేశం దాకా రెండేళ్లు పట్టింది. ఆ ఇంట్లో ఒక ఎండాకాలం, ఒక చలికాలం గడిపాము కనుక ఆ సేవ గురించి ఇప్పుడు నిదానంగా చెప్పగలను. ఫిర్యాదులు కూడా ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు.

టెక్సస్ చట్టం ప్రకారం ఒక కుటుంబం ఉండే ఇంటికి లైసెన్సు ఉన్న ఆర్కిటెక్ట్ తప్పనిసరి కాదు. మాకు తెలిసిన తెలుగు కుటుంబాలు చాలావరకు పెద్ద బిల్డర్లు చూపించే ప్లాన్లలో ఒకటి ఎంచుకుని, గ్రానైటు రంగూ తలుపుల పిడులూ మార్పించుకుని ఇంట్లో దిగిపోయాయి. అందులో తప్పేమీ లేదు, ఖర్చూ తక్కువే. అయితే మా అమ్మానాన్నలు ఏడాదిలో ఆరు నెలలు మా దగ్గరే ఉంటారు. వాళ్లు మెట్లెక్కకుండా ఉండేలా కింద పడకగది, దానికి దగ్గరగా దేవుడి గది, పొగ ఇల్లంతా పాకని వంటిల్లు, ఈ మూడూ కలిసివచ్చే ప్లాను మాకు ఎక్కడా దొరకలేదు.

మొదటిరోజు ఆర్కిటెక్ట్ కాగితం మీద ఒక్క గీత కూడా గీయలేదు. ఇంట్లో ముందుగా ఎవరు లేస్తారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, పండగకు ఎంతమంది వస్తారు, పొయ్యి మీద నూనె ఎంతసేపు కాగుతుంది అంటూ రెండు గంటలపాటు ప్రశ్నలే అడిగారు. వాటిలో సగానికి నా దగ్గర జవాబు లేదు, మా ఆవిడ దగ్గర ఉంది. నేను ఇంటర్నెట్ నుంచి అచ్చు వేయించి తీసుకెళ్లిన ఒక ప్లానును మాత్రం ఆయన మర్యాదగా తిరిగి ఇచ్చేశారు. 1990లో వచ్చిన చట్టం ప్రకారం ఈ దేశంలో భవనాల డిజైన్లకూ కాపీరైట్ వర్తిస్తుంది కాబట్టి, దాన్ని దగ్గర పెట్టుకుని గీయడం కుదరదన్నారు.

ఆయన పట్టుబట్టి చేయించిన మొదటి పని, పునాది కోసం మట్టి పరీక్ష. కట్టడానికి ముందే మట్టికి డబ్బు పోయడమేమిటని నేను గొణిగాను. కానీ స్థలం చూడడానికి వచ్చిన మా నాన్న, వేసవి ఎండకు బారిన నెర్రెల్లో చెయ్యి దూర్చి, "ఒరే, ఇది మన నంద్యాల రేగడేరా" అన్నారు. ఆ మాట నిజమే. మట్టి శాస్త్రజ్ఞులు దక్కన్ నల్లరేగడినీ, ఈ ప్రాంతపు నల్లనేలనూ వెర్టిసాల్స్ అనే ఒకే వర్గంలో చేరుస్తారు. వాన పడితే ఉబ్బి, ఎండ కాస్తే కుంచించుకుపోయే ఆ బంకమట్టి పునాదిని ఒకవైపు లేపి ఇంకోవైపు దించుతుంది, గోడలు పగలడానికీ తలుపులు పట్టేయడానికీ అదే కారణం. మా స్థలంలో నేల అయిదు అంగుళాల వరకు కదలవచ్చని నివేదిక వచ్చింది. దాన్నిబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు పియర్లు, అంటే నేలలో లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు వేయించి, వాటి మీద ఉక్కు తీగలను లాగి బిగించే పోస్ట్ టెన్షన్ శ్లాబు రూపొందించారు. నాకు అర్థమైనంతవరకు, మేము కట్టిన రుసుములో అన్నిటికంటే సార్థకమైన భాగం ఇదే.

వాస్తు సంగతి చెబితే ఆయన నవ్వుతారేమోనని భయపడ్డాము. నవ్వలేదు సరికదా, ఒక్కొక్క నియమానికీ ఇక్కడి ఎండనూ గాలినీ పక్కన పెట్టి చూశారు. హైదరాబాదులో మే మధ్య నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కొద్దిగా ఉత్తరానికి జరుగుతాడు. డాలస్‌లో ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. అందుకని అమ్మ వద్దన్న దక్షిణపు కిటికీలనే, పైన తగినంత చూరు ఇచ్చి పెట్టించారు. జూన్‌లో నిటారుగా పడే ఎండ చూరు దగ్గరే ఆగిపోతుంది, డిసెంబరులో వాలుగా వచ్చే ఎండ హాలు మధ్యదాకా వస్తుంది. అమ్మ చలికాలమంతా పత్తి వత్తులు చేసుకునేది ఆ ఎండలో కూర్చునే. ఈశాన్యంలో దేవుడి గదికి ఇబ్బందేమీ రాలేదు. ఆగ్నేయంలో వంటిల్లు మాత్రం చిక్కు తెచ్చింది, ఎందుకంటే ఇక్కడ ఎక్కువగా దక్షిణపు గాలి వీస్తుంది, ఆ మూలనుంచి బయటికి వదిలిన పోపు ఘాటు తిరిగి ఇంటిమీదికే వస్తుంది. చివరికి వంటిల్లు ఆగ్నేయంలోనే ఉంచి, పొగగొట్టాన్ని గోడలోంచి కాకుండా కప్పు పైకి తీసుకెళ్లారు.

ఆ పొగగొట్టం గురించి ఇంకో మాట. ఇంట్లో గ్యాసు మంటతో పనిచేసే కొన్ని రకాల పరికరాలు ఉన్నప్పుడు, నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి గాలిని లాగే హుడ్ (పొయ్యి పైన పొగను పీల్చే యంత్రం) పెడితే, బయటికి పోయినంత గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా ఉండాలని అమెరికా నివాస గృహాల కోడ్ చెబుతుంది. ఈ ముక్క హుడ్ అమ్మిన దుకాణంలో ఎవరూ చెప్పలేదు. అలాగే, నూనె వంటలకు పక్కనే ఇంకో చిన్న వంటిల్లు కావాలంటే, రెండో పొయ్యి కనిపించగానే దాన్ని రెండో నివాసంగా లెక్కగట్టే ఊళ్లు కొన్ని ఉన్నాయి. ఆయన ముందే నగర కార్యాలయంలో అడిగి తేల్చుకున్నాకే ఆ గది గీశారు.

ఇక ఫిర్యాదులు. రుసుము నిర్మాణ ఖర్చులో 9 శాతమని ఒప్పుకున్నాము, అంటే ఖర్చు పెరిగితే వాళ్ల రాబడీ పెరుగుతుంది. కావాలని పెంచారని అనను, కానీ తగ్గించాలన్న ఆత్రుత కూడా నాకు కనిపించలేదు. ముగ్గురు బిల్డర్ల దగ్గర ధరలు అడిగితే, అన్నిటికంటే తక్కువది కూడా మేము మొదటిరోజు చెప్పిన బడ్జెట్‌ను 17 శాతం దాటింది. పైన ఒక గది తీసేసి ప్లాన్లు మళ్లీ గీయించాల్సి వచ్చింది, దానికి గంటల లెక్కన విడిగా బిల్లు వేశారు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ నమూనా ఒప్పందంలో, ఎవరూ ఊహించలేని మార్కెట్ మార్పుల వల్ల కాకుండా ధర ఇలా దాటితే అదనపు రుసుము లేకుండా డిజైన్ సవరించి ఇచ్చే నిబంధన ఉంది. మేము సంతకం చేసింది ఆ సంస్థ సొంత కాగితం మీద, అందులో అది లేదు. చదవకుండా సంతకం పెట్టిన తప్పు నాదే.

రెండో తప్పు కూడా నాదే. ఆ 17 శాతంలో కొంతైనా పూడ్చుకుందామని, నిర్మాణం జరిగేటప్పుడు ఆర్కిటెక్ట్ స్థలానికి వచ్చి పర్యవేక్షించే భాగాన్ని ఒప్పందంలోంచి తీయించాను. చిన్న వంటింటి పక్కన గిన్నెలు తోమే చోట, అమ్మ నీళ్లు పోసి కడుక్కోవడానికి నేలలో ఒక డ్రెయిన్ ప్లానులో ఉంది. ప్లంబరు దాన్ని వదిలేశాడు, చూసి ఆపేవాళ్లు లేరు, కాంక్రీటు పోసేశారు. సాదా శ్లాబయితే కోసి పెట్టించవచ్చు. బిగించిన తీగలున్న శ్లాబును కోయాలంటే ముందు లోపలి తీగలెక్కడున్నాయో స్కాన్ చేయించాలి, పొరపాటున ఒకటి తెగితే ప్రమాదం. బిల్డరు చెప్పిన ధర వినగానే ఆ ఆలోచన మానుకున్నాము.

ఇంకోసారి కట్టే అవకాశమే వస్తే, బిల్డరు దగ్గర మొదలుపెట్టకుండా ఆర్కిటెక్ట్ దగ్గరికే వెళ్తాను. రుసుము మాత్రం స్థిరమైన మొత్తంగా మాట్లాడుకుంటాను. ప్లాన్లు సగంలో ఉండగానే ఒక బిల్డరుతో ధర లెక్క కట్టిస్తాను, పర్యవేక్షణ భాగం ముట్టుకోను. బిల్డర్ల ప్లాన్లలో తమకు సరిపోయేది కనిపించినవాళ్లకు ఈ రెండేళ్ల శ్రమ అక్కర్లేదు. అమ్మ ఇప్పుడు ఆ గిన్నెల గదిని తడిగుడ్డతో తుడుచుకుంటోంది. డ్రెయిన్ ఉండాల్సిన చోట ఒక బకెట్టు పెట్టుకుంది.