ప్లాస్టిక్ గుడ్లగూబ: నెత్తి మీద పావురం

పావురాల బెడద పడలేక 899 రూపాయలు పెట్టి ఈ అరిచే ప్లాస్టిక్ గుడ్లగూబను తెప్పించాను. ముందు ఏదైనా కదిలితే కళ్లు ఎర్రగా వెలుగుతాయి, "హూ, హుహూ, హూ, హూ" అని మూలుగుతుంది. పావురాలు మూడు రోజులు దూరంగా ఉన్నాయి. నాలుగో రోజు ఒకటి దాని నెత్తి మీదే రెట్ట వేసింది.

మా సందు చివరి చింతచెట్టు తొర్రలో చుక్కల చిన్న గుడ్లగూబల జంట ఉంటుంది, జానెడు పిట్టలు. చీకటి పడగానే "చిర్ర్ చిర్ర్, చీవక్ చీవక్" అంటూ గొంతులు కలిపి తమ హద్దు చాటుకుంటాయి. ఈ బొమ్మ అరుపును అవి లెక్కే చేయలేదు. చేయవు మరి, అందులో ఉన్నది అమెరికా ఖండాల్లో మాత్రమే బతికే గ్రేట్ హార్న్‌డ్ ఔల్ గొంతు! ఒకసారి బుద్ధి గడ్డి తిని, ఫోనులో వాటి జాతి అరుపే వినిపించాను. నిమిషంలో రెండూ కరెంటు తీగ మీదికి వచ్చి, తలలు పైకీ కిందికీ ఊపుతూ నన్ను తిట్టినంత పని చేశాయి. గుడ్లు పెట్టే కాలం కదా, మళ్లీ ఆ జోలికి పోలేదు.

బ్యాటరీల మూత మొదటి వానకే వదులైంది. ఐదుకు ఒకటిన్నర. ఆ అర కూడా మా మనవరాలికి నచ్చినందుకు.