పిల్లల ‘వినే శక్తి’ పెంచే హెడ్‌బ్యాండు కొనకండి: హన్మకొండ తల్లిదండ్రులకు హెచ్చరిక

బడి గేట్ల దగ్గర కరపత్రాలు పంచుతున్న ఆ బ్యాండు గురించే చెబుతున్నాను. హన్మకొండలోనూ కాజీపేటలోనూ పిల్లలున్న ఇళ్లకు ఆ కాగితం చేరే ఉంటుంది. మా బాబు నాలుగో తరగతి. పాఠం వినడం లేదని టీచరు అంటుంటే 18,500 రూపాయలు పెట్టి కొన్నాం. నిన్న దాన్ని అమ్మిన దుకాణంలో జరిగింది తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

పిల్లవాడు శ్రద్ధగా విన్నప్పుడల్లా మెదడులో తరంగాలు ఎగసిపడతాయని, బ్యాండు వాటిని పట్టుకుని ఫోనులో మార్కులు చూపిస్తుందని, రోజూ సాధన చేస్తే మార్కులు పెరుగుతాయని దుకాణంవాళ్లు చెప్పారు. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. మెదడులో సెకనుకు 13 నుంచి 30 సార్లు కదిలే బీటా అనే తరంగాలు నిలకడగా సాగవు. క్షణంలో చిన్న భాగం పాటు ఎగసి అణగిపోతుంటాయి. కానీ గాఢంగా నిద్రపోతున్న మనిషి మెదడులోనూ అర సెకనుకు పైగా సాగే తరంగాల గుంపులు వస్తాయి. మరి అప్పుడు ఏ పాఠం వింటున్నట్టు? పైగా తల మీద దొరికే ఆ విద్యుత్తు ఎంత? వోల్టును లక్ష భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలంత. పళ్లు బిగించినా కన్ను ఆర్పినా కండరాల విద్యుత్తు దాన్ని ముంచేస్తుంది. ఆసుపత్రిలో ఈఈజీ (మెదడు తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీసేటప్పుడు తలంతా ఇరవై దాకా ఎలక్ట్రోడులు అంటించి కదలవద్దనేది అందుకే. ఈ బ్యాండుకు నుదుటి మీద రెండే బిళ్లలు!

బాబు జంతికలు నములుతుంటే 94 మార్కులు వచ్చాయి. నమలడం మాని కథ వింటుంటే 31. నిన్న వాళ్ల కళ్లముందే చేసి చూపించాం. యజమాని ఫోను వైపు చూడనే లేదు, బాబు వైపు చూశాడు. “మిషన్ బాగానే ఉంది మేడం. మీవాడికే వినే బుర్ర లేదు. లేని బుర్రకు మిషన్ ఏం చేస్తుంది?” అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడి ఎదుట, ఇతర తల్లిదండ్రులు వింటుండగా అన్న మాట అది. బాబు బ్యాండు తీసి బల్ల మీద పెట్టి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఒకసారి తలకు పెట్టిన వస్తువు వెనక్కి తీసుకునేది లేదని చెప్పి, మా డబ్బు గురించి మాట్లాడటానికే నిరాకరించారు. ఇంటికి రాగానే వాడు బట్టలైనా మార్చుకోకుండా పుస్తకం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు, నాకు వినపడేలా. ఆ మనిషిని నేను క్షమించను.

ఈ ఉదయం చెవి డాక్టరుకు చూపించాం. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక ద్రవం చేరిందట. వెనక బెంచీలో కూర్చునే వాడికి టీచరు మాట సగమే అందుతోంది. చాలామంది పిల్లల్లో ఇది మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుందని, అప్పటిదాకా ముందు వరుసలో కూర్చోబెట్టమని చెప్పారు.

మీ పిల్లలు వినడం లేదనిపిస్తే ముందు చెవులు పరీక్ష చేయించండి. చెవి నుంచి మెదడుకు సంకేతం చేరుతోందో లేదో చూడాలంటే బెరా పరీక్ష ఉంది. టక్‌మనే శబ్దానికి 10 మిల్లీసెకన్లలోపు వచ్చే స్పందన ఎంత చిన్నదంటే, వందల సార్లు, ఒక్కోసారి వేల సార్లు వినిపించి సగటు తీస్తే గానీ కనబడదు.

ఇప్పటికే కొన్నవారు రసీదు, కరపత్రం పారేయకండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైనుకు మేము ఫిర్యాదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళుతున్నాం. మీరూ ఫిర్యాదు చేయండి.