పాత ఇంట్లో వచ్చిపోయే లీకేజీకి చేతి టెస్ట్ పంపు: చాలాకాలం వాడాక

బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరికే చేతి టెస్ట్ పంపు (లైనులో నీళ్లు నింపి ఒత్తిడి ఎక్కించి, అది నిలుస్తుందా అని చూసేది) కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్) లైన్లకు చక్కగా సరిపోతుంది. బసవనగుడి, మల్లేశ్వరం పాత ఇళ్లలో గోడలో పూడ్చిన జీఐ (జింకు పూత ఇనుప) పైపుల మీద వాడాలంటే మాత్రం ముందు దాని గేజి (ఒత్తిడి చూపే డయల్) పీకేయాలి. 60 కిలోల (చదరపు సెంటీమీటరుకు) దాకా ఉండే ఆ డయల్ మీద ముల్లు అరకిలో పడినా కంటికి ఆనదు. 0–10 గేజి, పెద్ద డయల్‌ది, వేసుకోండి.

పంపు లోపల నాన్‌రిటర్న్ వాల్వులో (నీళ్లను వెనక్కి రానివ్వనిది) ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్లు పంపు తొట్టిలోకే వెనక్కొస్తాయి. ముల్లు దిగుతుంది, పైపు బాగానే ఉన్నా లీకు అనుకుని టైల్స్ పగలగొట్టిస్తాం. అందుకే పంపుకూ లైనుకూ మధ్య అర ఇంచి బాల్ వాల్వు, గేజి లైను వైపు. ఒత్తిడి ఎక్కగానే వాల్వు కట్టేస్తే పంపు లోపం లెక్కలోకి రాదు.

ట్యాంకు కింది పాత గేట్ వాల్వును అసలు నమ్మొద్దు, ఎంత బిగించినా సన్నగా వదులుతూనే ఉంటుంది. యూనియన్ (విప్పదీసే జాయింటు) విప్పి డమ్మీ (పైపు నోరు మూసే బిరడా) పెట్టండి. గీజరును పూర్తిగా తప్పించి, దాని రెండు కనెక్షన్లనూ ఫ్లెక్సిబుల్ పైపుతో కలిపితే వేడినీళ్ల లైను కూడా పరీక్షలోకి వస్తుంది. ట్యాపులు తీసి టెఫ్లాన్ చుట్టిన డమ్మీలు బిగించండి. అన్నిటికన్నా ఎత్తున ఉన్నదాన్ని చివరికి ఉంచి, అక్కడ నీళ్లు బుడగల్లేకుండా వచ్చేదాకా నింపాలి. లైనులో గాలి మిగిలితే చిన్న లీకును అదే దాచేస్తుంది: కాసిన్ని నీళ్లు పోయినా గాలి ఉబ్బి ముల్లును నిలబెడుతుంది.

ఎంత కొట్టాలి? పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక కిలో. మిద్దె మీది ట్యాంకు నుంచి కింది బాత్‌రూంకి అంత కూడా రాదు కాబట్టి 3 కిలోలు చాలు. కొత్త లైనుకు కొట్టినట్టు పది కొడితే తుప్పు తిన్న పైపు మరల (థ్రెడ్ల) దగ్గర లేని లీకు మనమే పుట్టిస్తాం. అరగంటైనా ముల్లు కదలకపోతే ఆ లైనును వదిలేయండి. దిగితే చల్లటి లైను, వేడి లైను విడదీసి మళ్లీ కొట్టాలి. ఏ లైనో పంపు చెబుతుంది, ఏ చోటో చెప్పదు.

మోటరు నడిచినప్పుడే చెమ్మ వస్తుంటే అనుమానించాల్సింది సంపు నుంచి పైకెళ్లే డెలివరీ పైపును. ఫుట్ వాల్వు (సంపులో పైపు అడుగున నీళ్లను ఆపేది) పట్టు వదిలేసిందా, మోటరు ఆగాక ఆ పైపులో నీళ్లు కిందికి జారిపోతాయి, లీకు కూడా మాయమవుతుంది. కావేరి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో మోటరూ అలాగే నడుస్తుంది గనుక చెమ్మ కూడా అదే వరసలో కనిపించి తికమక పెడుతుంది. డెలివరీ పైపును విడిగా, రెండు చివర్లూ మూసి పరీక్షించాలి.

డ్రైనేజీ వైపు ఈ పంపు దండగ. నానీ ట్రాప్ (బాత్‌రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) నోరు బిగించి నేల మీద రెండు ఇంచుల నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. కింద తడి రాకపోతే నోరు తెరిచి రంగు కలిపిన నీళ్లు బకెట్లతో పోయండి. ఇప్పుడు వస్తే ట్రాప్ జాయింటుదో, దాని తర్వాతి డ్రైనేజీ పైపుదో తప్పు.

ఒక్క ఇంటి కోసమైతే కొనక్కర్లేదు, ప్లంబరు దగ్గర అద్దెకు అడగండి. కొన్నవాళ్లు పని కాగానే తొట్టి, గొట్టం ఖాళీ చేసి ఆరబెట్టాలి. బోరు నీళ్లు లోపల నిలిస్తే వాల్వు సీటు మీద సున్నం పేరుకుంటుంది.